పదిహేనేళ్ల పిల్లకు 'స్క్రీమ్ 6' చూపించవచ్చా?

పదో తరగతి చదువుతున్న మా అక్క కూతురు, 'వెన్స్‌డే' సిరీస్ చూసినప్పటి నుంచి జెన్నా ఒర్టెగా నటించినవన్నీ వరసపెట్టి చూస్తోంది. ఆ వరసలో 'స్క్రీమ్ 6' అనే హాలీవుడ్ హారర్ సినిమా వంతు వచ్చేసరికి, ముందు నేను చూసి సరేనంటే తప్ప రిమోట్ ఇచ్చేది లేదని అక్క పట్టుబట్టింది. అందుకని ఒక శనివారం రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లోని వాళ్లింట్లో అందరూ పడుకున్నాక, రెండు గంటలు దాటిన ఈ సినిమాను ఓటీటీలో పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను.

2023 మార్చిలో విడుదలైన ఈ ఆరో భాగానికి మాట్ బెటినెల్లీ-ఓల్పిన్, టైలర్ గిల్లెట్ దర్శకులు. 2022 నాటి అయిదో భాగంలో వుడ్స్‌బరో అనే చిన్న ఊళ్లో ప్రాణాలు దక్కించుకున్న అక్కచెల్లెళ్లు సామ్, తారా ఇప్పుడు న్యూయార్క్‌లో ఉంటారు. దెయ్యం ముసుగు వేసుకుని కత్తితో పొడిచే హంతకుడి బెడద అక్కడికీ వస్తుంది. సామ్‌కు అద్దంలో కనిపించే తండ్రి ఎవరో తెలియాలంటే పాత భాగాలు చూసి ఉండాలి. కనుక దీనికి ఒప్పుకోవడమంటే వెనకటి అయిదింటికీ ఒప్పుకోవడమేనని కన్నవాళ్లు ముందే గ్రహించడం మంచిది.

అమెరికాలో దీనికి 'ఆర్' రేటింగ్ ఇచ్చారు. అక్కడ 17 ఏళ్లు నిండనివారు పెద్దవాళ్ల వెంట వెళ్లి చూడవచ్చు. మన 'ఎ' సర్టిఫికెట్‌లో ఆ వెసులుబాటు లేదు, 18 నిండనివారిని అమ్మానాన్నలు పక్కనున్నా థియేటర్‌లోకి రానివ్వకూడదు. కాబట్టి అక్కడి తల్లిదండ్రుల అభిప్రాయాలు చదివి ఇక్కడ నిర్ణయించుకోవడం కుదరదు. ఓటీటీలకు 2021 నాటి నిబంధనలు తాళం ఏర్పాటు ఉండాలన్నాయి గానీ, మా అక్క పెట్టిన పిన్ వాళ్ల కారు నంబరే, అది ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

బూతు మాటలు మొదటి నుంచి చివరి దాకా ఉన్నాయి. అవి మన పిల్లలు రీల్స్‌లో రోజూ వింటున్నవే కనుక వాటి గురించి పెద్దగా చెప్పను. ఆలోచించవలసింది కత్తి గురించే. మొదటి సన్నివేశంలోనే, రెస్టారెంట్‌లో ఎదురుచూస్తున్న ఒక అధ్యాపకురాలిని ఫోన్లో మాటలు చెప్పి సందులోకి రప్పించి పొడిచి చంపుతారు. కాసేపటికి ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటే అందులో ముక్కలు చేసిన శవం ఉంటుంది. రెండు భవనాల కిటికీల మధ్య నిచ్చెన వేసి, కింద ఇరుకు సందు కనిపిస్తుండగా ఒక్కొక్కరే పాకుతూ దాటే ఘట్టం మాత్రం నిజంగా గొప్పగా తీశారు. కడుపులో కత్తిపోటు తగిలిన అమ్మాయి చివరగా నిచ్చెన ఎక్కడం, హంతకుడు దాన్ని పట్టుకుని ఊపడం చూస్తూ నేనూ సోఫా అంచును గట్టిగా పట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి, "ఈ అమ్మాయి పోతుంది పిన్నీ, మిగతావాళ్లు మాత్రం ఎన్ని పోట్లు పడ్డా చావరు" అన్న మాట వినిపించింది. మంచినీళ్ల కోసం లేచిన పిల్ల, బాటిల్ చేత్తో పట్టుకుని ఎంతసేపటి నుంచి నిలబడి చూస్తోందో! స్నేహితురాళ్లు కథంతా ముందే చెప్పేశారట.

పిల్ల చెప్పింది నిజమే. ఇద్దరు కలిసి ఎడాపెడా పొడిచిన కుర్రాడు కూడా చివర్లో స్ట్రెచర్ మీద పలకరింపుగా నవ్వుతాడు. నాకు ఎక్కువ అభ్యంతరంగా తోచింది ఇదే. పిల్లలు జడుసుకుంటారని కాదు, ఒక్క పోటుతోనే మనిషి పోవచ్చన్న సంగతి ఇంత నెత్తురు చూశాక కూడా వాళ్ల మనసుకు ఎక్కదని. 16, 17 ఏళ్లవాళ్లతోనైతే సినిమా ఆపి ఈ ముక్క మాట్లాడవచ్చు. 13 నుంచి 15 ఏళ్లవాళ్లకు మాత్రం నేను వద్దంటాను.

అలాగని భయం ఊరికే పోతుందనీ అనుకోవద్దు. సినిమాలో హాలోవీన్ రాత్రి మెట్రో నిండా ముసుగులవాళ్లే ఉంటారు, హంతకుడెవరో తెలియదు. సోమవారం అమీర్‌పేటలో మెట్రో మారుతున్నప్పుడు, ముఖాలకు చున్నీలు చుట్టుకున్నవాళ్లూ, మాస్కులు పెట్టుకున్నవాళ్లూ మమ్మల్ని తోసుకుంటూ వెళుతుంటే, ఆ రాత్రి అంత ధీమాగా మాట్లాడిన పిల్ల ఎస్కలేటర్ దిగేదాకా నా చేయి వదల్లేదు.

అక్క పిన్ మార్చింది. పిల్ల ఇప్పుడు, 1996 నాటి మొదటి భాగం పాతది కనుక ఫరవాలేదేమో అని బేరం పెట్టింది. అదీ 'ఆర్' రేటింగే.