రష్ తొలి ఆల్బమ్ (1974): జాన్ రట్సీ వాయించిన ఒకే ఒక్కటి

కెనడా రాక్ బ్యాండు రష్ అభిమానుల్ని ఎవరినైనా కదిపి చూడండి. ఏ ఆల్బమ్ గొప్పదంటే '2112' అంటారు, 'మూవింగ్ పిక్చర్స్' అంటారు. డ్రమ్స్ ఊసొస్తే నీల్ పీర్ట్ పేరు తప్ప ఇంకో పేరు నోట రాదు. 1974లో వచ్చిన మొదటి ఆల్బమ్ సంగతి ఎత్తితే మాత్రం "ఓ, అదా! పీర్ట్ రాకముందుది కదా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. వాళ్ల డిస్కోగ్రఫీని వరసపెట్టి వినేవాళ్లు కూడా చాలామంది రెండో ఆల్బమ్ నుంచే మొదలుపెడతారు.

నేను మాత్రం ఏళ్ల తరబడి ఎక్కువగా విన్నది ఈ మొదటిదాన్నే. చదువుకోడానికి టొరంటో వచ్చిన కొత్తలో, గోదాములో రాత్రి షిఫ్టులు చేస్తూ ఫోన్లో విన్నాను. తర్వాత సీడీ, ఆ తర్వాత ఎల్పీ (రెండు వైపులా పాటలుండే పెద్ద గ్రామఫోను ప్లేటు). ఇన్నాళ్లు విన్నాక చెప్పగలిగేది ఇది: తర్వాతి రష్‌కి చిత్తుప్రతి అనుకుని వింటే నిరాశే మిగులుతుంది. బార్లలో వాయించుకునే ముగ్గురు కుర్రాళ్ల రికార్డు అనుకుని వింటే అప్పుడు దీని సత్తా తెలుస్తుంది. ఆ బ్యాండు వేరు, 1974 జూలైలో పీర్ట్ చేరిన తర్వాతి బ్యాండు వేరు. పేరొక్కటే కలిసింది.

ఆ ముగ్గురిదీ టొరంటో ఉత్తరాన ఉన్న విల్లోడేల్. బేస్ వాయిస్తూ పాడే గెడ్డీ లీ, గిటార్ అలెక్స్ లైఫ్‌సన్, డ్రమ్స్ జాన్ రట్సీ. గెడ్డీ అమ్మానాన్నలు నాజీ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడ్డ పోలండ్ యూదులు. అలెక్స్ వాళ్లది యుగోస్లావియా నుంచి వలసొచ్చిన సెర్బు కుటుంబం. 1968లో బ్యాండు మొదలైంది, పేరు సూచించింది రట్సీ సోదరుడు. మొదట్లో బడుల్లో జరిగే డాన్సులకి వాయించుకునేవాళ్లు. 1971లో ఒంటారియో ప్రభుత్వం మద్యం తాగే వయసు 21 నుంచి 18కి తగ్గించింది. దాంతో ఈ కుర్రాళ్లకి బార్ల తలుపులు తెరుచుకున్నాయి, రోజూ రాత్రి వాయించే పని దొరికింది. రాక్ చరిత్ర రాసేవాళ్లు ఇలాంటి చట్టాల సంగతి అంతగా పట్టించుకోరు గానీ, ఆ ఒక్క సవరణ లేకపోతే ఈ ఆల్బమ్ ఇలా ఉండేది కాదని నా నమ్మకం. తాగుతూ, మాట్లాడుకుంటూ ఉన్న జనం తల తిప్పి చూడాలంటే ఎలా వాయించాలో అలాగే ఉంది ఇందులో వాయింపు.

ఏ కంపెనీ ముందుకు రాలేదు. మేనేజర్ రే డేనియల్స్ వాళ్లు మూన్ రికార్డ్స్ అని సొంత లేబుల్ పెట్టేశారు. ఈస్టర్న్ సౌండ్ స్టూడియోలో అర్ధరాత్రి దాటాక రేటు తక్కువ కాబట్టి, బార్లో వాయింపు ముగించుకుని సామాన్లు మోసుకుంటూ వెళ్లి రికార్డు చేశారు. వచ్చింది వాళ్లకే నచ్చలేదు, పస లేదనిపించింది. అప్పుడు రికార్డింగ్ ఇంజనీరు టెర్రీ బ్రౌన్ దగ్గరికి, టొరంటో సౌండ్ స్టూడియోకి వెళ్లారు. గొంతు, వాయిద్యాల పాళ్లు కుదిర్చే మిక్స్ ఆయన మళ్లీ చేశాడు. 'ఫైండింగ్ మై వే', 'నీడ్ సమ్ లవ్', 'హియర్ అగెయిన్' అక్కడ కొత్తగా రికార్డయ్యాయి. నాసిగా అనిపించినవాటిని తీసేసి వీటిని పెట్టారు. ఆల్బమ్‌లో ఒక పాటకీ ఇంకో పాటకీ శబ్దంలో చిన్న తేడా వినిపిస్తుందంటే కారణం ఇదేనేమో. నాకది లోపంగా అనిపించదు.

కవర్ సంగతి చెప్పి తీరాలి. పేలుతున్నట్టు రాసిన 'రష్' అక్షరాలు ఎర్రగా రావాలట. అచ్చులో తేడా వచ్చి గులాబీ రంగయ్యాయి. అంత మొరటు సంగీతానికి ఆ గులాబీ రంగు భలే కుదిరింది.

1974 మార్చిలో కెనడాలో విడుదలైంది. అక్కడితో ఆగిపోవాల్సిన కథే. కానీ ఒక కాపీ అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో డబ్ల్యుఎమ్ఎమ్ఎస్ రేడియోలో మ్యూజిక్ డైరెక్టర్‌గా ఉన్న డోనా హాల్పర్ చేతికి వెళ్లింది. పంపింది కెనడాలో ఇంకో రికార్డు కంపెనీ మనిషి, అంటే తన కంపెనీ కాదన్న బ్యాండుని పక్క దేశానికి సిఫారసు చేశాడన్నమాట. ఆవిడ ముందు పొడుగు పాట కోసం వెతికి 'వర్కింగ్ మ్యాన్' మీద సూది పెట్టింది. క్లీవ్‌లాండ్ అప్పటికి ఫ్యాక్టరీల ఊరు. పాటలో ఉన్నదేంటి? ఏడింటికి లేవడం, తొమ్మిదింటికి పనికెళ్లడం, అయిదింటికి ఇల్లు చేరి చల్లటి బీరు తాగడం, ఇంతకన్నా బాగా బతకొచ్చేమో అని అనుకుంటూనే మళ్లీ పొద్దున్నే లేవడం. రేడియోకి ఫోన్లు మొదలయ్యాయి. బ్రిటిష్ రాక్ బ్యాండు లెడ్ జెపెలిన్ కొత్త రికార్డా అని అడిగినవాళ్లూ ఉన్నారు. ఆ గిరాకీ చూసి మెర్క్యురీ అనే రికార్డు కంపెనీ రష్‌తో ఒప్పందం చేసుకుని అమెరికాలో ఆల్బమ్‌ని మళ్లీ విడుదల చేసింది. అక్కడి బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో 105వ స్థానం దాకా వెళ్లింది. అంతే, పెద్ద హిట్టేం కాదు.

ఇక పాటల సంగతి. 'ఫైండింగ్ మై వే' మొదలయ్యేటప్పుడు గిటార్ ఒక్కటే ఎక్కడో దూరం నుంచి వినిపించి మెల్లగా పెద్దదవుతూ దగ్గరికొస్తుంది. శబ్దం పెంచబోయి చెయ్యి వాల్యూమ్ మీద పెడతాం, అప్పటికే అది గది నిండా పరుచుకుని ఉంటుంది. వెంటనే గెడ్డీ కేక. ఆ గొంతు కొందరికి అసలు పడదు, నాకు తెలుసు. మా ఇంట్లో ఆ కేక వినపడగానే తలుపు వేసేస్తారు. తర్వాతి ఆల్బమ్‌లలో ఆ గొంతుని అదుపులో పెట్టుకున్నాడు. ఇక్కడ అదుపు గిదుపు లేదు. నాకదే ఇష్టం.

'నీడ్ సమ్ లవ్' రెండు నిమిషాల చిల్లర పాట. 'టేక్ ఎ ఫ్రెండ్' మొదట్లో వాయింపు గంభీరంగా సాగి, పాట మొదలవగానే గాలి తీసినట్టవుతుంది. స్నేహితుణ్ణి సంపాదించుకోవయ్యా అని చెప్పడానికి అంత ఆర్భాటం అక్కర్లేదు. ఈ రెండిటినీ నేను ఇప్పుడు దాటేస్తాను. 'హియర్ అగెయిన్' ఏడున్నర నిమిషాల నిదానమైన బ్లూస్. మొదట్లో దీన్నీ దాటేసేవాణ్ణి, ఇప్పుడు మొదటి వైపులో ఎక్కువసార్లు వినేది ఇదే. లైఫ్‌సన్ ఇందులో తొందరపడడు. తర్వాతి రోజుల్లో ఆయన ఇంత సాదాగా, ఇంత బ్లూస్‌గా వాయించినవి వెతికినా పెద్దగా దొరకవు.

రెండో వైపు అసలు సరుకు. 'వాట్ యూ ఆర్ డూయింగ్' రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) వింటే జెపెలిన్ గుర్తురాకపోతే వింటున్నది మీ చెవులతో కాదు. కాపీ అనను గానీ, పక్కింట్లో వండిన వాసన స్పష్టంగా వస్తుంది. అయినా అంత బరువైన రిఫ్‌ని అంత నమ్మకంగా మోయడానికి ఇరవై, ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాళ్లకి దమ్ముండాలి. 'ఇన్ ద మూడ్'లో కౌబెల్ (కర్రతో కొట్టే లోహపు గంట) ఒకటి టంగుటంగున మోగుతూ ఉంటుంది. ఆ పాట మాటలు చదవకండి, వినండి చాలు. 'బిఫోర్ అండ్ ఆఫ్టర్' ఈ ఆల్బమ్‌లో ఎవరూ పట్టించుకోని పాట. ముందు భాగంలో గొంతు లేదు, గిటార్ నెమ్మదిగా మెరుస్తూ పోతుంది, ఉన్నట్టుండి రాక్‌లోకి దూకుతుంది. తర్వాతి కాలపు రష్ జాడ ఇందులో ఎక్కడైనా ఉందంటే ఆ మొదటి రెండు నిమిషాల్లోనే ఉంది.

'వర్కింగ్ మ్యాన్' గురించి ఎంత రాసినా తక్కువే. షిఫ్టు దిగి తెల్లారుజామున బస్సులో వింటే దీని సంగతి ఇంకోలా ఉంటుంది. డబ్బాలు ఎత్తి ఎత్తి భుజాలు లాగుతుంటే, ఆ నిదానమైన బరువు రిఫ్ ఒంటి నొప్పితో పాటు నడుస్తుంది. పాట సగంలో బేస్ పరుగందుకుంటుంది, వేగం మారిపోతుంది, గిటార్ తాడు తెంచుకుంటుంది. ఆ మధ్య భాగంలో గిటార్ పక్కన పెట్టి బేస్ ఒక్కటే పట్టుకుని వినండి. గెడ్డీ అప్పటికి వాడేది ఫెండర్ ప్రెసిషన్ బేస్. తర్వాత వాడిన రికెన్‌బ్యాకర్ బేస్‌ది, జనం మెచ్చుకునే ఆ గణగణ ఇంకా రాలేదు. శబ్దం లావుగా, మట్టిగా ఉంటుంది, వేళ్లు మాత్రం అప్పటికే ఊరుకోవు. తర్వాత మళ్లీ మొదటి రిఫ్ పడినప్పుడు మళ్లీ పనికి వెళ్తున్నట్టే ఉంటుంది. ఈ కట్టుబడి కావాలని చేశారో, అలా కుదిరిందో గానీ, మాటల కన్నా ఇదే అర్థం బాగా చెప్పింది.

మాటలు అన్నాను కాబట్టి, ఈ ఆల్బమ్‌కి అసలైన లోపం అదే. పాటలు రాయాల్సింది రట్సీ. రాశాడు, నచ్చలేదని చించేశాడు. గొంతు రికార్డు చేసే వేళకి గెడ్డీ కూర్చుని గబగబా ఏవో రాసుకోవాల్సి వచ్చింది. ఆ తొందర ప్రతి పాటలోనూ కనిపిస్తుంది. పిల్లా రా, నాకు ప్రేమ కావాలి, నా దారి వెతుక్కుంటున్నాను, ఈ మూడే ముక్కలు అటూ ఇటూ. తర్వాత పీర్ట్ రాసినవాటితో పోల్చి నవ్వుకునేవాళ్లని తప్పుపట్టలేం.

డ్రమ్స్ విషయంలో మాత్రం ఆ పోలిక ఒప్పుకోను. రట్సీ పీర్ట్ కాదు, నిజమే. ఆయనకి ఇష్టమైంది సూటిగా కొట్టే రాక్, ఈ ఆల్బమ్ కోరింది కూడా సరిగ్గా అదే. నమ్మకం కుదరకపోతే 1976 నాటి లైవ్ ఆల్బమ్ 'ఆల్ ద వరల్డ్స్ ఎ స్టేజ్' తీయండి. టొరంటో మాసీ హాల్లో రికార్డు చేసింది. ఇదే 'వర్కింగ్ మ్యాన్' పీర్ట్ చేతిలో ఉంది, డ్రమ్ సోలోతో సహా. అద్భుతంగా ఉంటుంది, కాదనను. కానీ అందులో ఆ పాటలోని మనిషి పొద్దున తొమ్మిదింటికి పనికెళ్లే మనిషిలా అనిపించడు. రట్సీ కొడితే అనిపిస్తాడు. 'వాట్ యూ ఆర్ డూయింగ్'లో ఆయన ఎక్కడా అడ్డం రాడు, రిఫ్‌కి దారిచ్చి వెనక గోడలా నిలబడతాడు.

మధుమేహం ఉండటం, అమెరికా అంతా తిరిగే పర్యటనలు ఎదురుగా కనిపిస్తుండటం, మిగతా ఇద్దరి ఆలోచన చిక్కులున్న సంగీతం వైపు మళ్లటం, ఇవన్నీ కలిసి రట్సీ బయటికొచ్చేశాడు. 1974 జూలై 25న లండన్‌లో (ఒంటారియోలో ఉన్న లండన్) ఆఖరి కచేరీ. 29న పీర్ట్ చేరాడు. రట్సీ 2008లో పోయాడు. విల్లోడేల్‌లో ఇప్పుడు లీ-లైఫ్‌సన్ పేరుతో ఒక పార్కుంది, నేను అటు వెళ్లినప్పుడల్లా మూడో పేరు కూడా ఉంటే ఏం పోయేదని అనుకుంటాను. 2015లో పీర్ట్‌తో కలిసి వాళ్లు చేసిన ఆఖరి పర్యటనలో పాటల్ని కొత్తవాటి నుంచి పాతవాటికి, తిరుగు వరసలో వాయించారు. ఆ లెక్కన ముగింపులో వచ్చింది 'వాట్ యూ ఆర్ డూయింగ్', దాని వెంట 'వర్కింగ్ మ్యాన్'. ఈ ఆల్బమ్‌ని తీసిపారేసేవాళ్లు కాస్త ఆలోచించాల్సిన విషయం.

కొనాలనుకునేవాళ్లకి: 1997 రీమాస్టర్ (శబ్దాన్ని కొత్తగా సరిచేసిన) సీడీ చాలు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుంది, శబ్దం మరీ పిండేసినట్టు ఉండదు. ఎల్పీ మోజుంటే పాత కాపీల జోలికి వెళ్లేముందు ప్లేటు కవర్లోంచి తీసి కంటి ఎత్తులో అడ్డంగా పట్టి చూడండి. నాకు ఒక దుకాణంలో అంటగట్టిన కాపీ వంగి ఉంది. సూది పైకీ కిందికీ ఊగుతుంటే 'హియర్ అగెయిన్' శ్రుతి కూడా ఊగింది, మార్చి ఇవ్వమంటే ఇవ్వలేదు. ఇయర్‌బడ్స్‌లో ఈ ఆల్బమ్ సన్నగా, గీపెట్టినట్టు వినిపిస్తుంది, దయచేసి స్పీకర్లలో వినండి. ఆర్డర్ మార్చడం తప్పు కాదనుకుంటే రెండో వైపుతో మొదలుపెట్టి, తర్వాత 'ఫైండింగ్ మై వే', 'హియర్ అగెయిన్' విని ఆపేయండి.

'వర్కింగ్ మ్యాన్'కి ఇంకో గిటార్ సోలో ఉన్న టేక్ ఒకటి 'రాక్ బ్యాండ్' వీడియో గేమ్ కోసం 2008లో బయటపెట్టారు. ఒకసారి వినడానికి బావుంది, ఆల్బమ్‌లో ఉన్నదే నయం. 1973లో వాళ్లు తెచ్చిన మొట్టమొదటి సింగిల్, అమెరికా రాక్ గాయకుడు బడీ హాలీ పాట 'నాట్ ఫేడ్ అవే', దాని వెనక 'యూ కాంట్ ఫైట్ ఇట్', ఎన్నో ఏళ్లు పాత ప్లేట్లు కూడబెట్టేవాళ్ల దగ్గర తప్ప దొరకలేదు. 2025లో వచ్చిన 'రష్ 50' సంకలనంలో రెండూ పెట్టారు. విన్నాను. ఆల్బమ్‌లోంచి వాటిని తీసేసినందుకు మంచి పనే చేశారు.