క్యూజీఐఎస్ ప్లగిన్లు: దొరకడం తేలిక, సర్దుకోవడమే పని

చెరువులు, కాలువల మ్యాపుల కోసం 2.18 వెర్షన్ రోజుల నుంచి క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ప్లగిన్ (దానికి అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రామ్) వెతికి పెట్టుకోవడం వరకు దీనికి వంక పెట్టలేం. ప్లగిన్ మేనేజర్‌లో పేరు కొట్టి ఇన్‌స్టాల్ నొక్కితే అయిపోతుంది. ఇంకా ప్రయోగదశలో ఉన్నవి మనం టిక్ పెడితే తప్ప కనబడవు. అది మంచి పద్ధతే.

చిరాకు ఆ తర్వాత మొదలవుతుంది. ఏ మెనూలో కూర్చోవాలన్నది ప్లగిన్ రాసినవాళ్ల ఇష్టం. క్విక్‌ఓఎస్‌ఎం వెక్టర్ మెనూలో ఉంటుంది, క్విక్‌మ్యాప్‌సర్వీసెస్ వెబ్ మెనూలో ఉంటుంది. కొన్ని ఏకంగా సొంత మెనూ తెరుస్తాయి. పైగా చాలావాటికి తలా ఒక టూల్‌బార్. పది ప్లగిన్లు పడ్డాయంటే మ్యాపుకి మిగిలే చోటు చూసి జాలేస్తుంది. మేనేజర్‌లోనేమో అన్నీ ఒకే జాబితా, మన పనిని బట్టి గుంపులుగా పెట్టుకునే వీలు లేదు.

నా మటుకు ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లోకి (డేటా మీద పనిచేసే పనిముట్లు ఒకేచోట ఉండే ప్యానెల్) వచ్చి చేరే ప్లగిన్లే సిసలైనవి. పేరు కొడితే పనిముట్టు అక్కడే దొరుకుతుంది. వంద ఫైళ్ల మీద ఒకేసారి నడపొచ్చు, మోడల్ డిజైనర్‌లో మిగతా పనిముట్లతో గొలుసు కట్టొచ్చు. ఒకప్పుడు వెక్టర్, రాస్టర్ మెనూల పనిముట్లు కూడా విడి ప్లగిన్లే. 2018లో 3.0 వచ్చినప్పుడు వాటి పనిని ప్రాసెసింగ్‌కే అప్పగించారు. అదే వెర్షన్‌తో, ప్లగిన్లు రాసే పైథాన్ భాషలో 3వ వెర్షన్‌కి మారడంతో పాత ప్లగిన్లు తిరగరాస్తే గానీ నడవలేదు, కొన్నిటిని ఎవరూ పట్టించుకోలేదు. ఆ టెన్షన్ పడ్డవాళ్లకు తెలుసు.

3.0తోనే వచ్చిన యూజర్ ప్రొఫైళ్లు మాత్రం నిజంగా ఆదుకున్నాయి. ప్రొఫైల్ మారిస్తే ప్లగిన్లు, టూల్‌బార్లు, సెట్టింగులు అన్నీ మారిపోతాయి. ఫీల్డ్ డేటా సర్దడానికి ఒకటి, ప్రింటు మ్యాపులకు ఒకటి, కొత్తవి ప్రయత్నించడానికి ఇంకొకటి పెట్టుకున్నాను. ఇంత పనికొచ్చేదాన్ని సెట్టింగుల మెనూలో ఎందుకు దాచారో!

ఒక ప్లగిన్‌కు ఇంకో ప్లగిన్ కావాలంటే మెటాడేటా (ప్లగిన్ వివరాల) ఫైలులో రాసుకునే వీలుంది, మేనేజరే అడిగి పెడుతుంది. బయటి పైథాన్ లైబ్రరీ కావాలంటే ఆ సాయం లేదు. మనమే పిప్‌తో (పైథాన్ లైబ్రరీలు పెట్టే పనిముట్టు) కుస్తీ పట్టాలి. విండోస్‌లో కొత్తవాళ్లు ఇక్కడే చేతులెత్తేస్తారు.

అప్‌డేట్‌తో పని చెడితే వెనక్కి వెళ్లే బటన్ కూడా లేదు. ప్లగిన్ల రిపాజిటరీలో పాత వెర్షన్ల జిప్ ఫైళ్లు దొరుకుతాయి, తెచ్చి జిప్ నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ప్రోగ్రామే తెరుచుకోకపోతే నోప్లగిన్స్ (--noplugins) కమాండ్ ఆప్షన్‌తో, అంటే ప్లగిన్లేవీ లేకుండా తెరిచి, అనుమానం ఉన్నదాన్ని తీసేయండి. ఆఫీసులో నలుగురి మెషీన్లకు పెట్టేవాళ్లయితే ఎల్‌టీఆర్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే) వెర్షనే తీసుకుని, ప్లగిన్ల అప్‌డేట్లు ముందు ట్రయల్ ప్రొఫైల్‌లో నడిపి చూశాకే మిగతావాళ్లకు ఇవ్వండి.