డబ్బులు పెట్టి కొన్న యాంటీవైరస్, విండోస్‌తో ఊరికే వచ్చే డిఫెండర్: రెండూ ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

మాది గుంటూరు, బ్రాడీపేట. ఇంట్లో ఉన్నది ఒకటే డెస్క్‌టాప్, ఇంటిల్లిపాదికీ అదే. మా ఆవిడ దాని మీదే డీటీపీ చేస్తుంది, పెళ్లి కార్డులు, కరపత్రాలు, ట్యూషన్ సెంటర్ల ప్రశ్నపత్రాలు, ఫైలు రెడీ అయ్యాక పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ప్రెస్‌కి పోవడం, అక్కణ్ణుంచి మళ్లీ ఆ పెన్‌డ్రైవ్ ఇంటికి రావడం, ఇది రోజూ ఉండే వ్యవహారం. పిల్లల ప్రాజెక్టులు, నా బ్యాంకు పనులు కూడా ఇందులోనే. కాబట్టి మాకు యాంటీవైరస్ అంటే ఏదో ఒకటి వేసి వదిలేసే విషయం కాదు, కస్టమర్ ఫైలు పోతే రేపు పెళ్లి కార్డు లేదు మరి.

విండోస్ 7 రోజుల్నుంచి డబ్బులిచ్చి కొన్న యాంటీవైరస్సే వాడాం, కంపెనీ పేరు వద్దులెండి. విండోస్ 10కి మారాక కూడా కొన్నాళ్లు అదే నడిపాం, తర్వాత పూర్తిగా తీసేసి విండోస్‌లోనే ఉండే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ మీద ఉంటున్నాం. ఇప్పుడు విండోస్ 11, అందులోనూ డిఫెండరే. ఇన్నేళ్లు రెండూ చూశాక నాకు తేలింది ఏంటంటే, ఏ కంపెనీది అనే గొడవకన్నా దాని అప్‌డేట్ తేదీ ఇవాళ్టిదేనా అన్నది చూసుకోవడం వందరెట్లు ముఖ్యం. అప్‌డేట్ ఆగిన ఖరీదైన యాంటీవైరస్ ఉండీ ఒకటే లేకా ఒకటే, దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు ఉంటుంది.

ముందు కొన్నదాని గురించి న్యాయంగా చెప్తా. పెన్‌డ్రైవ్ పెట్టగానే "స్కాన్ చేయమంటారా" అని తనే అడిగేది, అది నిజంగా బాగుండేది, మాలాంటి వాళ్లకి అదే కావాలి. షాపులో కొంటే ఏదన్నా ఇబ్బంది వచ్చినప్పుడు షాపాయన ఫోన్లో దొరికేవాడు, తెలుగులో చెప్పేవాడు, పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. నచ్చనిది రెన్యువల్ దగ్గర మొదలవుద్ది. గడువు ఇంకా నెల ఉండగానే రోజూ స్క్రీన్ మీద ఎర్ర బాక్సు, కంప్యూటర్ స్పీడు పెంచే ఇంకో ప్రోగ్రామ్ కొనమని మరో బాక్సు, డిజైన్ మధ్యలో ఉంటే మా ఆవిడకి చిరాకు. ఆన్‌లైన్లో రెన్యువల్ చేస్తే ఒక రేటు, షాపులో కొత్త బాక్సు కొని అందులో గీకితే వచ్చే కీ కొడితే అంతకన్నా తక్కువ రేటు, పాత కస్టమర్‌కే ఎక్కువ ఎందుకో ఇప్పటికీ నాకు అర్థం కాదు. అన్నిటికన్నా ప్రమాదం గడువు అయిపోయాక, గడియారం పక్కన ఐకాన్ మాత్రం అట్టాగే ఉండేది, చూసేవాళ్లకి యాంటీవైరస్ ఉందనే ధైర్యం, లోపల అప్‌డేట్లు మాత్రం ఆగిపోయి ఉండేవి.

ఇక్కడ ఒక సంగతి తెలుసుకోండి. బయటి యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ తనంతట తాను పక్కకి తప్పుకుంటుంది, ఒకే ఫైలుని రెండూ ఒకేసారి పట్టుకుంటే సిస్టమ్ నత్తనడక అవుతుంది కాబట్టి అలా పెట్టారు. బయటిది తీసేస్తే ఇది మళ్లీ లేస్తుంది. ఇప్పుడు ఎవరు కాపలా కాస్తున్నారో చూడాలంటే స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని కొట్టి, సెట్టింగ్స్‌లో మేనేజ్ ప్రొవైడర్స్ నొక్కండి, యాంటీవైరస్ కింద ఎవరి పేరు ఉందో, ఆన్‌లో ఉందో లేదో రాసి ఉంటుంది. అక్కడ ఎవరూ ఆన్‌లో లేకపోతే ఆ ఇంట్లో తాళం లేనట్టే లెక్క. పాతది కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేసినా ముక్కలు కొన్ని లోపల మిగిలిపోతాయి, డ్రైవర్లు, సర్వీసులు అవీ, దానివల్ల డిఫెండర్ లేవకుండా మొరాయించొచ్చు. పెద్ద కంపెనీలన్నీ తమ యాంటీవైరస్‌ని పూర్తిగా పీకేసే రిమూవల్ టూల్ విడిగా వాళ్ల సైట్లోనే ఇస్తాయి, అది దింపి రన్ చేసి రీస్టార్ట్ చేస్తే శుభ్రం. మా పీసీలో అలాగే చేశాం.

ఇక అప్‌డేట్ అవ్వకపోవడం. నాకు తెలిసినంతలో ఇళ్లల్లో ఎక్కువగా వచ్చే కారణం ఎవరూ అనుమానించనిది, తేదీ. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తుంటే మదర్‌బోర్డు మీద ఉండే బటన్ బ్యాటరీ అయిపోయినట్టు. తేదీ తప్పయితే సైట్ల సర్టిఫికెట్లు చెల్లవని కంప్యూటర్ అనుకుంటుంది, బ్రౌజర్లో మీ కనెక్షన్ ప్రైవేట్ కాదని వస్తుంది, యాంటీవైరస్ కూడా సర్వర్‌తో మాట్లాడలేక అప్‌డేట్ ఫెయిల్ అంటుంది. మనం నెట్ బాలేదని నెట్ వాడికి ఫోన్ చేస్తాం, అతనొచ్చి రౌటర్ మార్చిపోతాడు, సమస్య మాత్రం అక్కడే. మా సిస్టమ్‌లో ఇదే జరిగింది. ప్లగ్ పీకి, పక్క డోర్ తీసి చూస్తే రూపాయి బిళ్లంత బ్యాటరీ, మీద సీఆర్ 2032 అని రాసి ఉంటుంది, 3 వోల్టులది, పక్కనున్న చిన్న క్లిప్పుని వేలితో నొక్కితే పైకి లేస్తుంది, ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టాలి. వాచీలు బాగుచేసే కొట్లో కూడా దొరుకుతుంది, చవకే. పెట్టి తేదీ సరిచేసి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి పోయి ప్రొటెక్షన్ అప్‌డేట్స్ కింద చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కితే గీత నిండిపోయి ఆ రోజు తేదీ, టైమ్ పడ్డాయి.

తేదీ సరిగ్గానే ఉన్నా అవ్వట్లేదంటే సీ డ్రైవ్‌లో జాగా చూడండి, హార్డ్ డిస్క్ బదులు చిన్న ఎస్ఎస్‌డీ (అంతకన్నా వేగంగా నడిచే డిస్క్) వేయించుకున్న పాత సిస్టమ్స్‌లో అది ఎర్రగా నిండిపోయి ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్‌తో వాడేవాళ్లయితే వైఫై సెట్టింగ్స్‌లో మీటర్డ్ కనెక్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి, అది ఉంటే విండోస్ డేటా మిగిల్చాలని చాలా అప్‌డేట్లని ఆపుకుంటుంది. అసలు నెట్టే లేని సిస్టమ్ అయితే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి డిఫెండర్ అప్‌డేట్ ఫైలుని వేరే కంప్యూటర్లో దింపి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి రన్ చేయొచ్చు, 32 బిట్, 64 బిట్ విడివిడిగా ఉంటాయి, మీదేదో చూసుకుని దింపండి. ఈ అప్‌డేట్లు రోజుకి ఒకటికన్నా ఎక్కువసార్లే వస్తుంటాయి, అందుకని నాలుగు రోజుల పాత తేదీ కనిపించిందంటే ఎక్కడో ఏదో ఆగిందనే.

పెన్‌డ్రైవ్ విషయం కాస్త వివరంగా చెప్పాలి, మన ఊళ్లలో అసలు సమస్యంతా అక్కడే ఉంది. జిరాక్స్ షాపుకి పోయి ప్రింట్ తీయించుకొస్తాం, ఇంటికొచ్చి తెరిస్తే ఫోల్డర్లన్నిటికీ ఎడమ పక్క కింద మూలన చిన్న బాణం గుర్తు, సైజు చూస్తే ఒకటో రెండో కేబీ. అదే షార్ట్‌కట్ వైరస్. అసలు ఫోల్డర్లు పోలేదు, హిడెన్ అయ్యాయి, వాటి పేరుతో దొంగ షార్ట్‌కట్ కూర్చుంది. ఒకప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టగానే ఆటోరన్‌తో వైరస్ దానంతట అదే లేచేది, విండోస్ 7 నుంచి పెన్‌డ్రైవ్‌లకి ఆటోరన్ తీసేశారు, పాత విండోస్‌లకి కూడా 2011లో అప్‌డేట్ ఇచ్చి ఆపేశారు. అందుకే వైరస్‌లు రాసేవాళ్లు ఈ షార్ట్‌కట్ దారి పట్టారు, మనం డబుల్ క్లిక్ చేస్తేనే అది నడుస్తుంది. మా ఆవిడ ఇప్పుడు ఏ పెన్‌డ్రైవ్ వచ్చినా తెరవదు, ముందు దిస్ పీసీలో దాని మీద రైట్ క్లిక్ కొట్టి స్కాన్ విత్ మైక్రోసాఫ్ట్ డిఫెండర్ నొక్కుతుంది, విండోస్ 11లో అది కనిపించకపోతే షో మోర్ ఆప్షన్స్ కింద ఉంటుంది. మామూలు సెట్టింగ్‌లో డిఫెండర్ ఫుల్ స్కాన్ పెట్టినా పెన్‌డ్రైవ్‌ని కలుపుకోదు, కాబట్టి ఇది చేత్తో చేయాల్సిందే, కొన్న యాంటీవైరస్ ఈ ఒక్క చోట మాత్రం మెరుగ్గా ఉండేది. స్కాన్ అయ్యాక షార్ట్‌కట్లు పోతాయి, వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెడితే మన ఫోల్డర్లు చాలావరకు లేత రంగులో కనిపిస్తాయి, కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్ ఫార్మాట్ కొట్టేయండి. కేంద్ర ప్రభుత్వం వాళ్ల సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో కూడా ఉచిత టూల్స్ ఉన్నాయి, 2017 నుంచి నడుస్తోంది, చాలామందికి తెలియదు.

డీటీపీ వాళ్లకి ఇంకో మాట. పాత తెలుగు కీబోర్డు ప్రోగ్రామ్‌లు మనం కొట్టే ప్రతి కీనీ మధ్యలో పట్టుకుని తెలుగు అక్షరంగా మారుస్తాయి, పాస్‌వర్డులు దొంగిలించే కీలాగర్ కూడా సరిగ్గా అదే చోట కూర్చుంటుంది, అందుకని ఏ యాంటీవైరస్ అయినా వాటిని అనుమానించే అవకాశం ఉంది. మేం కొన్న యాంటీవైరస్ ఒకసారి ఆ ఫైలుని ఎత్తి క్వారంటైన్‌లో, అంటే అనుమానమున్న ఫైళ్లని విడిగా బంధించే చోట, పడేసింది, పొద్దున్నే చూస్తే తెలుగు రాదు, సాయంత్రానికి ప్రశ్నపత్రం ఇవ్వాలి, మా ఆవిడ ఆ రోజు పడ్డ టెన్షన్ నేను కళ్లారా చూశా. ఫైలు పోలేదు, క్వారంటైన్ లిస్టులోంచి రిస్టోర్ కొట్టి ఎక్స్‌క్లూజన్స్‌లో, అంటే స్కాన్ చేయొద్దని చెప్పే లిస్టులో, ఆ ఒక్క ఫైలు చేర్చాం. మొత్తం డీ డ్రైవ్‌ని ఎక్స్‌క్లూజన్‌లో పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, దయచేసి వినొద్దు, తలుపు తీసి పెట్టడమే అది. అలాగే కొన్న సాఫ్ట్‌వేర్‌కి మాత్రమే ఎక్స్‌క్లూజన్ ఇవ్వండి, "యాంటీవైరస్ ఆఫ్ చేసి ఇన్‌స్టాల్ చేయండి" అని రాసి ఉండే క్రాక్ వెర్షన్‌లకి ఇవ్వొద్దు.

మొన్నీమధ్య విజయవాడ పటమట నుంచి మా బాబాయ్ గారు ఫోన్ చేశారు.

"ఒరే, కంప్యూటర్లో ఐదు వైరస్‌లు ఉన్నాయంటరా, ఇప్పుడే డబ్బులు కట్టకపోతే అంతా పోద్దంట, కార్డు నంబరు అడుగుతోంది."

"బాబాయ్, కార్డు మీద చెయ్యి వెయ్యొద్దు. అది స్క్రీన్‌లో ఎక్కడొచ్చింది?"

"కుడి పక్కన కింద. రెండు నిమిషాలకోసారి వస్తానే ఉంది."

"దాని మీద చిన్నగా క్రోమ్ అని ఏమన్నా రాసుందా చూడండి."

"ఆ, ఉందిరా, పక్కన ఏదో సైటు పేరు కూడా ఉంది."

అంతే, అది యాంటీవైరస్ చెప్పేది కానే కాదు. ఏదో సైట్ చూస్తున్నప్పుడు నోటిఫికేషన్లకి అలౌ నొక్కించుకుని ఉంటుంది, ఇక అప్పట్నుంచి బ్రౌజర్ ద్వారా భయపెట్టే మెసేజ్‌లు పంపుతుంది, కంప్యూటర్లో వైరస్ ఉండక్కర్లేదు. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్, అలౌ లిస్టులో తెలియని సైట్లన్నీ తీసేయమన్నా, ఫోన్‌లోనే చెప్పి చేయించా, ఆగిపోయాయి. వయసులో పెద్దవాళ్లని ఇలా బెదిరించి డబ్బులు లాగేవాళ్లంటే నాకు ఒళ్లు మండుద్ది. ఎవరన్నా ఇప్పటికే డబ్బులు కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

యాంటీవైరస్ ఒక్కటే ఉంటే చాలనుకోవడం కూడా కుదరదు. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ మొదలై దేశాల మీద పడ్డప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. విండోస్‌లో అది దూరే కన్నం మూసే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చేసింది, వేసుకున్న సిస్టమ్‌ల మీద ఆ దారిన అది దూరలేకపోయింది. అందుకే విండోస్ అప్‌డేట్లని ఆపి పెట్టుకునే వాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే ఇలాంటి వాటి కోసం డిఫెండర్‌లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఉంది, మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, మేం ఆన్ చేశాం. తెలియని ప్రోగ్రామ్‌ని డాక్యుమెంట్స్‌లో రాయనివ్వదు, మన పాత డీటీపీ ప్రోగ్రామ్‌ని ఒకసారి లిస్టులో చేర్చుకోవాలి, ఆ తర్వాత దాని జోలికి రాదు. ఇవన్నీ ఉన్నా కస్టమర్ ఫైళ్లు వారానికోసారి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి పోతాయి, కాపీ అవ్వగానే వైరు పీకి బీరువాలో పెడతాం, తగిలించి ఉంచితే వైరస్ దాన్ని కూడా లాక్ చేస్తుంది కదా.

స్పీడు గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా, హార్డ్ డిస్క్ ఉన్నప్పుడు ఏ యాంటీవైరస్ ఫుల్ స్కాన్ పెట్టినా ఇంక ఆ పూటకి పని లేదు, ఎస్ఎస్‌డీ వేయించాక పక్కన స్కాన్ నడుస్తున్నా పని సాగుతోంది. యాంటీవైరస్ మార్చడానికి పెట్టే డబ్బు ఎస్ఎస్‌డీ మీద పెట్టండి.

ఇప్పుడు డబ్బులు పెట్టి ఎవరు కొనాలంటే, ఫోన్లో తెలుగులో చెప్పే మనిషి కావాలనుకునేవాళ్లు, రోజూ బోలెడు పెన్‌డ్రైవ్‌లు పెట్టే షాపులవాళ్లు కొనుక్కోవచ్చు, కానీ గడువు తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. మామూలు ఇంటికి డిఫెండర్ సరిపోతుంది, అప్‌డేట్ అవుతుంటే.

బాబాయ్ గారి పీసీ ఇంకా విండోస్ 10. ఇంటెల్ 8వ జనరేషన్‌కన్నా పాతది, విండోస్ 11 తీసుకోదు. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, డిఫెండర్‌కి వైరస్ అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబర్ దాకా ఇస్తామన్నారు, అది చూసి పర్లేదనుకోవద్దు, విండోస్ కన్నాలు మూసే అప్‌డేట్లు వేరు. వాటికోసం ఆయన సిస్టమ్‌ని విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఉన్న ఈఎస్‌యూలో (సపోర్ట్ అయిపోయాక కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకం) ఎన్‌రోల్ చేశా, 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. ఆలోపు కొత్త సిస్టమ్ చూద్దామని చెప్పా, ఆయన సరే అన్నారు.