తాడిపత్రి బండల కార్మికుల సంఘం: చందా డబ్బులు గిట్టాయా?

బండల పాలిష్ ఫ్యాక్టరీలో 14 ఏళ్లు పని చేశాను, అందులో 11 ఏళ్లు సంఘం సభ్యుణ్ణి. చందా నెలకు 50 రూపాయలు, అంటే మొత్తం 6,600 కట్టాను. చేరాలా వద్దా అని ఆలోచిస్తున్న తమ్ముళ్ల కోసం రాస్తున్నా.

ముందు కూలి సంగతి. సంఘం లేనప్పుడు రేటు ఎంతో ఓనర్లే వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేవాళ్లు, ఇక్కడ మానేసి పక్క ఫ్యాక్టరీకి పోయినా అదే రేటు, కాబట్టి మానేసి లాభం లేదు, అడిగే ధైర్యమూ లేదు. పెంచమని సంఘం కూర్చున్నప్పుడు ఫ్యాక్టరీలు మూతపడతాయని భయపెట్టారు. మా వీధిలో ఒక్కటి కూడా మూతపడలేదు. వాళ్లు ఇవ్వగలిగిందే అడిగాం, అన్నాళ్లూ ఇవ్వలేదు అంతే. కనీస వేతనం మీద వీడీఏ, అంటే ధరలను బట్టి కలిపే కరువు భత్యం, ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుందని కూడా నాకు సంఘం ఆఫీసు గోడ మీద అంటించిన కాగితం చూశాకే తెలిసింది. జబ్బు చేస్తే వైద్యం ఇచ్చే ఈఎస్ఐకి మన జీతంలో కోసేది 0.75 శాతమే, ఓనరు 3.25 శాతం కట్టాలి. ఇది తెలియక రెండూ మా దగ్గరే కోస్తుంటే ఊరుకున్నవాళ్లం.

నాకు పెద్ద మేలు గ్రాట్యుటీ దగ్గర, అంటే పని మానేసేటప్పుడు చేసిన ఏళ్లను బట్టి ఓనరు ఇవ్వాల్సిన డబ్బు దగ్గర జరిగింది. 2023లో నడుం నొప్పితో మానేశాను, ఓనరు చేతిలో 20 వేలు పెట్టి ఇంక పో అన్నాడు. సంఘం ఆఫీసులో ఉండే అన్న కాగితం మీద లెక్క వేసి చూపించాడు: ఆఖరి నెల జీతం 13,000, దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే 7,500, అది 14 ఏళ్లకు 1,05,000. లేబర్ ఆఫీసుకు మూడుసార్లు నా వెంట వచ్చాడు, బస్సు చార్జీ కూడా అడగలేదు. ఐదు నెలలు టెన్షన్ పడ్డాను కానీ మిగిలిన 85 వేలు వచ్చాయి. ఆ రోజు ఇంట్లో అందరం ఏడ్చాం.

ఇక నచ్చనిది. కూలి పెరిగాక ఓనరు కొత్త పాలిష్ మిషన్ తెచ్చాడు, ఉన్నవాళ్లను తీసేయలేదు గానీ మానేసినవాళ్ల జాగాలో కొత్తవాళ్లను పర్మనెంటుగా పెట్టుకోలేదు, కాంట్రాక్టరు దగ్గర రోజు కూలీలను తెచ్చుకున్నాడు. పక్కపక్కన నిలబడి అదే దుమ్ము పీలుస్తూ అదే పని చేస్తారు, మా కంటే తక్కువ తీసుకుంటారు. వాళ్లను సంఘం సభ్యులుగా చేర్చుకోవడం లేదు. ఇది తప్పని మీటింగులో రెండుసార్లు లేచి చెప్పాను. వాళ్ల కూలి తక్కువగా ఉన్నన్నాళ్లూ ఓనరు మన జాగాలు వాళ్లతో నింపుతూనే ఉంటాడు, అంటే మనం పెంచుకున్న కూలి మన పిల్లలకు దొరకదు. మా చిన్నాయన కొడుకు లోడింగులో ఇప్పుడు అట్లాగే చేస్తున్నాడు, వాడికి పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు.

ఐదుకు నాలుగు ఇస్తున్నా. ఆ ఒకటి కాంట్రాక్టు వాళ్లను చేర్చుకున్న రోజు ఇస్తా.

ఆఫీసుకు సాయంత్రం ఆరు తర్వాత పోండి, పగలు ఎవరూ ఉండరు. జీతం స్లిప్పులు ఉంటే తీసుకుపోండి, లేకపోతే హాజరు పుస్తకానికి ప్రతి నెలా సెల్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, నా కేసులో అవే పనికొచ్చాయి.