చెక్క పడవతో 12 ఏళ్లు: వాడి చెబుతున్న సంగతులు

చెక్క పడవ కొన్నవాళ్లకి మొదటి రోజే గుండె జారుతుంది. నాకూ జారింది. నెలల తరబడి షెడ్డులో ఎండిన పడవని నీళ్లలోకి దించగానే పలకల మధ్య నుంచి నీళ్లు సన్నటి దారాల్లా లోపలికి రావడం మొదలుపెట్టాయి. పావుగంటలో పాదాలు మునిగాయి. నేను బకెట్‌తో తోడుతూనే ఉన్నాను, పడవ నిండుతూనే ఉంది. అమ్మిన పెద్దాయన ఒడ్డున నిలబడి నింపాదిగా చూస్తూ, "తోడకు బాబూ, వదిలెయ్. దాన్ని కడుపునిండా తాగనీ" అన్నారు.

లోతు తక్కువగా ఉన్న చోట తాడు కట్టి రెండు రాత్రులు అలాగే వదిలేశాం. నాకు నిద్ర పట్టలేదు. మూడో రోజు పొద్దున్నే వెళ్లి నీళ్లన్నీ తోడి, అడుగంతా గుడ్డతో తుడిచి, గంటసేపు లోపలే కూర్చున్నాను. గుడ్డ ఎక్కడ అద్దినా పొడిగానే ఉంది.

12 ఏళ్ల తర్వాత ఈ సమీక్ష రాయడానికి కూర్చుంటే ముందు గుర్తొచ్చింది ఆ గుడ్డే. ఈ పడవతో నేను నేర్చుకున్నదంతా, చేసిన తప్పులతో సహా, నీళ్లకీ కలపకీ మధ్య ఉన్న ఆ సంబంధం చుట్టూనే తిరిగింది.

ముందు పడవ సంగతి. పొడవు 14 అడుగులు. ఒక తెరచాప, రెండు తెడ్లు, వెనక చుక్కాని. పలకలు లార్చ్ కలప, లోపలి పక్కటెముకలు ఓక్. ఇంటి కప్పు మీద పెంకులు పరిచినట్టు ఒక పలక అంచు మీదకి ఇంకో పలక ఎక్కేలా పేర్చి, ఆ అంచుల వెంబడి రాగి మేకులు బిగించిన రకం ఇది. దీన్ని క్లింకర్ పద్ధతి అంటారు. పడవ వయసు 50 దాటింది. నీళ్లలో ఉన్న నెలల్లో వారానికి ఒకటి రెండు సార్లయినా దీన్ని బయటికి తీస్తాను.

కలప తడిస్తే ఉబ్బుతుందని అందరికీ తెలుసు. కానీ ఎటు ఉబ్బుతుందన్నది చాలామంది గమనించరు. పొడవునా దాదాపు పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. అందుకే పడవ పొడవు మారదు గానీ ప్రతి పలకా కాస్త వెడల్పై, కాస్త మందమై, పక్క పలకని ఒత్తుకుని కూర్చుంటుంది. సందు దానంతట అదే మూసుకుంటుంది.

ఈ ఉపాయం ఎంత పాతదో తెలిసినప్పుడు నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. ఈజిప్టులో గీజా పెద్ద పిరమిడ్ పక్కన గోతిలో 1954లో బయటపడిన ఖుఫూ పడవ దాదాపు 43 మీటర్ల పొడవు, 4500 ఏళ్ల నాటిది. ఎక్కువగా లెబనాన్ దేవదారుతో చేశారు. విడదీసి పేర్చిన 1224 ముక్కలుగా దొరికింది. దాన్ని తిరిగి కూర్చిన అహ్మద్ యూసఫ్ ముస్తఫాకి ఏళ్ల తరబడి పట్టింది. ఆ పలకల్ని మేకులతో బిగించలేదు, తాళ్లతో కుట్టారు. తడిస్తే కలప ఉబ్బుతుంది, తాడు ముడుచుకుంటుంది. రెండూ కలిసి అతుకుని బిగిస్తాయి. నన్ను ఆ రెండు రాత్రులు నిద్రపోనివ్వని విషయాన్ని వాళ్లు అప్పటికే పనిముట్టుగా వాడుకున్నారు.

ఇక నా తప్పు. మూడో ఏడు, పడవ ఒడ్డున ఎండి ఉన్న సమయంలో, ఏటా ఈ కారడం ఎందుకని పలకల సందులన్నీ గట్టిపడే ఫిల్లర్‌తో నింపేశాను. చూడ్డానికి అద్దంలా ఉంది. నీళ్లలో దించితే చుక్క కారలేదు. చాలా సంతోషించాను. నాలుగో రోజు తెడ్డు వేస్తుంటే కాళ్ల కింద 'ఫట్' మని వినిపించింది. కాసేపటికి ఇంకోటి. పలకలు ఉబ్బాయి, ఉబ్బడానికి చోటు లేదు, ఎందుకంటే ఆ చోటంతా నా ఫిల్లర్ రాయిలా కూర్చుని ఉంది. ఆ ఒత్తిడికి మూడు పక్కటెముకలు పగిలాయి. ఈ ఒక్క విషయం గట్టిగా చెబుతాను: పాత క్లింకర్ పడవ సందుల్లో గట్టిపడే పదార్థం ఏదీ పెట్టకండి. కారడం ఆపాలని పైన ఫైబర్‌గ్లాస్ తొడగడం కూడా అంతే. కలప లోపల పెరుగుతూ తరుగుతూ ఉంటే ఆ తొడుగు ఊడుతుంది, లోపల చేరిన తడి బయటికి పోలేక కలపని కుళ్లబెడుతుంది.

పగిలిన మూడింటినీ మార్చడంలోనే నాకు ఈ పడవ అసలు అర్థమైంది. కొత్త ఓక్ పట్టీల్ని పొడవాటి చెక్క పెట్టెలో పెట్టి ఆవిరి పట్టించాలి. అంగుళం మందానికి గంట అని పాతకాలం లెక్క. బట్టీలో ఎండబెట్టిన కలప సరిగా వంగదు, పచ్చిదనం ఉండాలి. పెట్టె తీసిన క్షణం నుంచి మన చేతిలో ఉన్నది నిమిషం కంటే తక్కువ. మందపాటి చేతి తొడుగులు వేసుకుని, పొగలు కక్కుతున్న పట్టీని పరుగున తెచ్చి, పడవ లోపలి ఒంపుకి మోకాలితో నొక్కి పట్టుకోవాలి. తోలు పటకాలా వంగుతుంది. ఆలస్యమైతే మళ్లీ కర్రే. మొదటి రెండూ విరిగాయి, మూడోది కూర్చుంది.

తర్వాత రాగి మేకు. ఇది ఒక్కరి పని కాదు. మా తమ్ముడు పడవ బయట నేల మీద పడుకుని, మేకు తలకి బరువైన ఇనప దిమ్మ ఆనించి పట్టుకున్నాడు. నేను లోపల. మేకు పలకలోంచీ పక్కటెముకలోంచీ వచ్చి నా వైపు తేలుతుంది. దానికి చిన్న రాగి బిళ్ల తొడిగి కిందకి దించి, మిగిలిన కొసని కొంచెం ఉంచి కత్తిరించి, గుండ్రటి తల ఉన్న చిన్న సుత్తితో చుట్టూ మెల్లగా కొడుతూ పుట్టగొడుగులా అణచాలి. గట్టిగా కొడితే మేకు లోపల వంగిపోతుంది. కొన్ని దెబ్బలకి చప్పుడు మారుతుంది. మొదట బొద్దుగా ఉన్నది ఉన్నట్టుండి ఖణేల్‌మంటుంది. నాకంటే ముందు వాడికే తెలిసేది. "అన్నయ్యా, కూర్చుంది. ఆపు" అనేవాడు కింద నుంచి. ఆ రోజు అలా 40 కొట్టాం. సాయంత్రానికి మా ఇద్దరికీ వేళ్లు ముడవడం రాలేదు. ఇప్పుడు కూడా ఆ మూడు పక్కటెముకల మీద పాదం పెడితే నాకు తెలిసిపోతుంది.

పాదం అంటే గుర్తొచ్చింది. అలల్లో వెళ్తున్నప్పుడు ఈ పడవ కదులుతుంది, అంటే లోపల్లోపల. అలని కొట్టుకోదు, దానికి తగ్గట్టు కాస్త వంగి మళ్లీ తన ఆకారానికి వస్తుంది. మొదట్లో భయమేసేది. నార్వేలో 1880లో మట్టిదిబ్బ కింద దొరికిన గోక్‌స్టాడ్ ఓడ గురించి చదివాక భయం పోయింది. 9వ శతాబ్దం చివరి నాటి వైకింగ్ ఓడ అది, ఓక్ కలప, ఇదే పలక మీద పలక పద్ధతి, ఒక్కో పక్క 16 పలకల వరసలు. 1893లో దాని నమూనాగా కట్టిన 'వైకింగ్' అనే ఓడని మాగ్నస్ ఆండర్సన్ నార్వే నుంచి అట్లాంటిక్ దాటించి షికాగో ప్రపంచ ప్రదర్శనకి తీసుకెళ్లాడు. సముద్రంలో దాని అడుగు అలలతో పాటు లేచి దిగడం, పై అంచులు మెలి తిరగడం ఆయన దారి పొడవునా గమనించాడు. అలా వంగింది కాబట్టే ఆ తేలికపాటి ఒళ్లు అంత సముద్రాన్ని తట్టుకుంది. నా 14 అడుగుల పడవకీ ఆ ఓడకీ పోలిక పెట్టడం ఎక్కువే కావచ్చు, కానీ కాళ్ల కింద తెలిసేది అదే.

మేకుల విషయంలో ఇంకో మాట. నాకంటే ముందు ఎవరో వెనక పలక దగ్గర నాలుగు ఇనప స్క్రూలు వాడారు. పక్కనే రాగి. తడిలో రెండు వేర్వేరు లోహాలు పక్కపక్కన ఉంటే, వాటిలో త్వరగా తుప్పు పట్టేది, ఇక్కడ ఇనుము, తినేసుకుపోతుంది. నేను ఆ స్క్రూ తలలు పట్టుకుంటే చేతికి తుప్పు పొడే వచ్చింది, చుట్టూ కలప నల్లగా మెత్తబడింది. బ్రిటిష్ నౌకాదళానికి కూడా ఇదే దెబ్బ తగిలింది. కలపని తొలిచే ఓడపురుగు నుంచి (పురుగంటాం గానీ అది నత్త, ఆల్చిప్పల జాతిది) కాపాడాలని 1761లో 'అలార్మ్' అనే యుద్ధనౌక అడుగుకి రాగి రేకు తొడిగారు. పురుగు ఆగింది. కానీ ఓడ తిరిగొచ్చాక చూస్తే రాగికి తగిలిన చోటల్లా ఇనప మేకులు తినేసి ఉన్నాయి. రాగి మిశ్రమాల బోల్టులు వాడకంలోకి వచ్చాకే ఆ తలనొప్పి తగ్గింది. ఇత్తడి స్క్రూలు మెరుస్తాయని మోసపోకండి. ఉప్పునీటిలో వాటిలోని జింకు పోయి, గులాబీ రంగుకి తిరిగి, పెళుసుగా విరుగుతాయి. సిలికాన్ బ్రాంజ్ (సిలికాన్ కలిపిన రాగి మిశ్రమం) స్క్రూలు అడగండి.

కుళ్లు గురించి చాలామందికి ఉన్న అభిప్రాయం తలకిందులు. నీళ్లలో మునిగి ఉన్న భాగం కంటే, వాన నీరు చేరి గాలి ఆడక తడితడిగా ఉండే మూలలే ముందు పోతాయి. కుళ్లబెట్టే బూజుకి తడితో పాటు కాస్త గాలీ కావాలి, అది మునిగిన కలపకి అందదు, మూలల్లో ఆరని కలపకి అందుతుంది. ఉప్పునీటి కంటే మంచినీరు ప్రమాదం, అందుకే పాత ఓడల్లో పలకల మధ్య ఖాళీల్లో ఉప్పు పోసేవాళ్లు. స్వీడన్ ఓడ 'వాసా' 1628లో మొదటి ప్రయాణంలోనే మునిగి, 333 ఏళ్లు అడుగున ఉండి, 1961లో దాదాపు నిండు ఓడగా పైకొచ్చింది. బాల్టిక్‌లో ఉప్పు తక్కువ కాబట్టి ఓడపురుగు అక్కడ బతకలేదు. అసలు కష్టం పైకొచ్చాక మొదలైంది. ఎండితే కలప ముడుచుకుని పగిలిపోతుందని 17 ఏళ్ల పాటు దాని మీద మైనం లాంటి పాలిథిలిన్ గ్లైకాల్ చల్లుతూనే ఉన్నారు.

నేను చేసేది చిన్న పని. నెలకోసారి స్క్రూడ్రైవర్ పిడితో పడవంతా తడుతూ వెళ్తాను. మంచి కలప టకటకమంటుంది, పోయిన కలప దబదబమంటుంది. అనుమానం వచ్చిన చోట సన్నటి దబ్బనంతో గుచ్చి చూస్తాను. కొనేటప్పుడు కూడా ఇదే చేయండి. నేను కొన్నప్పుడు ఒక నిపుణుడు పైపైన చూసి "అంతా బాగుంది" అని రాసిచ్చారు. ముక్కు దగ్గర, లోపల, తాళ్లు పడేసే చీకటి మూలలో చెయ్యి పెట్టలేదు. అక్కడే ఒక అడుగు మేర కేకులా అయిపోయి ఉంది. అప్పటి నుంచి పడవ దగ్గర ఎవరి మాటా నమ్మను, నా చెయ్యే పెడతాను.

వార్నిష్ గురించి పేజీలు రాసేవాళ్లున్నారు. నాకు తెలిసింది ఇంతే: మొదటి పూత బాగా పల్చగా, తర్వాత ఆరేడు పూతలు, ప్రతి రెండింటి మధ్య ఉప్పుకాగితం, గాలి లేని పొద్దుటి పూట. సాయంత్రం వేస్తే మంచు పడి మెరుపు పోతుంది. ఎండ దెబ్బని తట్టుకునే రకమే కొనండి. ఏడాదికి రెండు పూతలు పైన వేస్తూ పోతే అడుగు వరకు గీకే పని రాదు. ఒక ఏడు బద్ధకించాను, తర్వాతి ఏడు మూడు వారాలు గీకాను.

1950ల తర్వాత ఫైబర్‌గ్లాస్ వచ్చి చెక్క పడవల్ని పక్కకి నెట్టింది. అందులో అన్యాయమేమీ లేదు. అచ్చులో పోస్తే వారంలో పడవ తయారు, కారదు, కుళ్లదు, షెడ్డులో ఏళ్ల తరబడి పడున్నా పట్టించుకోదు. నా స్నేహితుడికి అలాంటిదే ఉంది, నేనూ నడుపుతాను, వేగంలో నాది వెనకే. కానీ ఒక్క సంగతి చూడండి: 1942లో స్వీడన్‌లో పుట్టిన ఫోక్‌బోట్ చెక్కతో చేసిన క్లింకర్ పడవ. తర్వాత దాన్ని ఫైబర్‌గ్లాస్‌తో పోసినప్పుడు కూడా పలకల మెట్లు అచ్చులో అలాగే ఉంచారు. పలకే లేని చోట పలక అంచు! ఆ అంచుల కింద నీళ్లు చేసే చప్పుడు విన్నవాళ్లకి అలా ఎందుకు ఉంచారో అర్థమవుతుంది.

ఆ చప్పుడు గురించి చెప్పాలి. గాలి తగ్గి, తెరచాప ఊరికే వేలాడుతున్నప్పుడు, ఒక్కో పలక అంచు కింద నుంచి నీళ్లు చిన్నగా కిలకిలమంటూ వెనక్కి పోతాయి. ఫైబర్ పడవలో డబ్బా మీద కొట్టినట్టు వినిపించే అల, ఇందులో మెత్తగా, లోపలికి పీల్చుకున్నట్టు వినిపిస్తుంది. వాసన కూడా ఉంది: తడిసిన లార్చ్, అవిసె నూనె, కొంచెం తారు. నేను పడవలో కూర్చుని ఏమీ చేయని సాయంత్రాలు చాలా ఉన్నాయి. ఆ సాయంత్రాల కోసమే మిగతా పనంతా చేస్తాను, చేయడం నాకు ఇష్టం కూడా.

ఎవరు కొనకూడదో కూడా చెప్పాలి. ఏడాదికి రెండు మూడు సార్లే నీళ్లలోకి వెళ్లేవాళ్లు, చేత్తో పని చేయడం విసుగనిపించేవాళ్లు దీని జోలికి రావద్దు. మీకూ కష్టమే, పడవకి ఇంకా కష్టం. నా లెక్కలో నీళ్లలో గడిపే ప్రతి రెండు గంటలకీ ఒడ్డున గంట పని ఉంటుంది. కప్పు ఉన్న చోటు, గాలి ఆడే చోటు, పక్కన దిమ్మ పట్టుకునే మనిషి ఉంటే మాత్రం నిస్సంకోచంగా తీసుకోండి.

ఈ ఏడు అడుగుదూలం పక్కనున్న కింది పలక మార్చాను. తీసిన పలకని పారేయలేదు, దాన్నే కొలతగా పెట్టుకుని కొత్తది కోశాను. పాత మేకుల రంధ్రాలన్నీ ఒక్కొక్కటిగా కొత్త పలక మీదకి గుర్తు పెట్టుకున్నాను. అవి కొట్టిన మనిషి చేతి వరస చక్కగా కనిపిస్తోంది, ఒక్క చోట మాత్రం ఎందుకో పావంగుళం పక్కకి జరిగింది. ఆ పావంగుళాన్ని నేనూ అలాగే ఉంచాను.

కొత్త పలక మిగతా వాటి మధ్య తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. నిన్న సాయంత్రం పడవని దించి, లోతు లేని చోట తాడు కట్టి వచ్చాను. వచ్చేసరికి సీటు కింద దాకా నీళ్లున్నాయి. ఎల్లుండి పొద్దున బకెట్, గుడ్డ తీసుకుని వెళ్లాలి.