ఇసుకరాయి క్వారీ టూర్: తప్పకుండా వెళ్లండి, మధ్యాహ్నం బ్యాచ్ మాత్రం వద్దు

తవ్వకాలు ఆగిపోయిన ఇసుకరాయి క్వారీలో నడిపిస్తూ రాతి పొరలు చూపించే టూర్ ఇది. ఐదుకి నాలుగు ఇస్తున్నా.

గైడ్ పాఠం అప్పజెప్పి వెళ్లిపోయే రకం కాదు. అలల గీతలున్న ఒక పెద్ద పలక దగ్గర ఆపి, ముందు చేత్తో తడిమి చూడమన్నారు. గీతకి ఒక పక్క ఏటవాలుగా, రెండో పక్క నిటారుగా తగిలితే, నీళ్లు ఏటవాలు పక్క నుంచి నిటారు పక్కకి పారాయన్నమాట. రెండు పక్కలా ఒకేలా ఉండి పైన మొనదేలి ఉంటే అది ప్రవాహం కాదు, లోతు లేని నీళ్లలో ముందుకీ వెనక్కీ ఊగిన అలల పని. ఎప్పుడో ఇంకిపోయిన నీళ్లు ఎటు పారాయో వేళ్లకి తెలుస్తుంటే ఒళ్లు పులకరించింది.

అసలు ఈ గీతలు ఎలా మిగిలాయి అని ఎవరో అడిగితే దానికీ ఓపిగ్గా చెప్పారు. మామూలుగా ఇసుక మీది గీతల్ని తర్వాత వచ్చే నీళ్లే చెరిపేస్తాయి, కానీ నీళ్లు నెమ్మదించి సన్నటి బురద వాటిపై పేరుకుంటే కింద భద్రంగా ఉంటాయి, పైగా చాలాసార్లు ఆ బురద పొర దగ్గరే రాయి విడిపోతుంది కాబట్టి పలక లేపగానే గీతలు బయటపడతాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది క్వారీ గోడ. కింది పొర ముందు, పై పొర తర్వాత ఏర్పడ్డాయని డెన్మార్క్ శాస్త్రవేత్త స్టెనో 1669లోనే రాశాడు, మరి భూమి కదలికలకి పొరలు తిరగబడితే? అక్కడే క్రాస్ బెడ్డింగ్, అంటే ఒక పెద్ద పొర లోపల ఏటవాలుగా పేర్చినట్టుండే సన్న పొరలు, చూపించారు. ఏటవాలు పొరల పై కొసలు కోసేసినట్టు తెగి ఉంటాయి, కింది కొసలు మెల్లగా వంగి అడుగు పొరకి ఆనుకుంటాయి. ఈ వరస తలకిందులుగా కనిపిస్తే పొరలు తిరగబడ్డట్టే. ఇక ప్రతి పొర దగ్గరా ఆగి అదే వెతుక్కున్నాను.

రాయికి ఎర్ర రంగు ఇనుప ఆక్సైడ్ వల్ల అని ఒక్క ముక్కలో తేల్చేశారు, ఇంకాస్త చెప్పాల్సింది.

ఒక మార్కు తగ్గించింది టైమింగ్‌కి. నడినెత్తిన ఎండ ఉంటే నీడలు పడవు, అంత అందమైన గీతలు కూడా చదునుగా కనిపిస్తాయి, ఫోటోల్లో అయితే అసలు తెలియవు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ బుక్ చేసుకోండి. హెల్మెట్ ఇస్తారు, గోడ కింద నిలబడనివ్వరు, రాళ్లు జారే చోటు కాబట్టి అది సరైన పనే. గుంపు మొత్తానికి ఒకటే లెన్స్ ఉంది, పది రెట్లు చూపించేది ఒకటి మీరే తీసుకెళ్లండి, ఇసుక రేణువులు విడివిడిగా కనిపిస్తాయి.