గ్యాదరింగ్ స్టార్మ్ రివ్యూ: వరదకి ఫుల్ మార్కులు, వేడెక్కే భూమికి సగమే

నది ఒడ్డున ఊరు పెట్టొద్దని, ఒక దేశాన్ని వేల ఏళ్లపాటు నడిపే స్ట్రాటజీ గేమ్ సివిలైజేషన్ 6లో నాకెవరూ చెప్పలేదు, చెప్పినా వినేవాణ్ణి కాదు, ఎందుకంటే ఫుడ్ దొరికేదే అక్కడ. మూడు ఫార్ములు వేశాను. మూడోది వేయగానే వాటిని కట్టే బిల్డర్ పని అయిపోయి మాయమయ్యాడు. సరిగ్గా తర్వాతి టర్న్‌లో కెమెరా దానంతటదే నది మీదికి జరిగింది, నీళ్లు పొంగాయి, మూడింట్లో రెండు ఫార్ములు పోయాయి, ఊళ్లో జనాభా కూడా ఒకటి తగ్గింది. తిట్టుకుంటూ పాత సేవ్ లోడ్ చేద్దామని ఎస్కేప్ నొక్కబోయి, ఎందుకో ఆ టైల్, అంటే మ్యాప్‌లోని ఆ గడి మీద మౌస్ పెట్టాను. అంతకుముందు లేని ఫుడ్ ఒకటి అదనంగా కనిపించింది. పక్క టైల్‌కి ప్రొడక్షన్ పెరిగింది. ఇంక సేవ్ లోడ్ చేయలేదు. ఆ తర్వాత ఏ ఆటలోనైనా నేను మొదట వెతికేది వరద వచ్చే నదినే.

కొనాలనుకునేవాళ్లకి ముందే ఒక మాట. గ్యాదరింగ్ స్టార్మ్ విడిగా ఆడే గేమ్ కాదు, 2016 అక్టోబర్‌లో వచ్చిన సివిలైజేషన్ 6కి 2019 ఫిబ్రవరి 14న వచ్చిన రెండో ఎక్స్‌పాన్షన్. అసలు గేమ్ ఉండాలి. మొదటి ఎక్స్‌పాన్షన్ రైజ్ అండ్ ఫాల్ లేకపోయినా నడుస్తుంది, గవర్నర్లు, లాయల్టీ (నగరాల విధేయత) లాంటి దాని రూల్స్ ఇందులోనే కలిసి వస్తాయి, దాని దేశాలు మాత్రం రావు. రెండూ కావాలంటే ప్లాటినం ఎడిషన్ ఉంది.

ఇక విపత్తుల సంగతి. వరదలు, అగ్నిపర్వతాలు, కరువు, మంచు తుఫాన్లు, ఇసుక తుఫాన్లు, టోర్నడోలు, హరికేన్లు అన్నీ ఉన్నాయి. ప్రతిదానికీ స్థాయిలు ఉంటాయి. వరదే తీసుకోండి, మామూలుది, పెద్దది, ఆపైన వెయ్యేళ్లకోసారి వచ్చేది. ఇసుక తుఫాన్‌లో పెద్దదాన్ని గేమ్ హబూబ్ అని అరబిక్ పేరుతోనే పిలుస్తుంది, ఆ పేరు వినపడగానే నా సైన్యం ఎడారిలో ఎక్కడుందా అని గుండె దడదడలాడుతుంది. నదులకీ, కొండలకీ, ఎడారులకీ పేర్లు పెట్టడం ఇంకో మంచి పని. "వరద వచ్చింది" అంటే ఒకలా ఉంటుంది, "నైలు పొంగింది" అంటే ఇంకోలా ఉంటుంది. వంద టర్న్‌లు గడిచేసరికి ఆ నది మీద ఒక రకమైన పాత పగ, పాత ప్రేమ రెండూ పుడతాయి.

ఆడేవాళ్లకి పనికొచ్చే చిట్కా ఒకటి. బిల్డర్ ఇన్నిసార్లే కట్టగలడని ఒక లెక్క ఉంటుంది, దాన్ని చార్జ్ అంటారు, పాడైన ఫార్మ్‌ని బాగుచేయడానికి అది ఖర్చవదు. అందుకని ఒకే ఒక్క చార్జ్ మిగిలిన బిల్డర్‌ని నది పక్కన ఊరికే కూర్చోబెట్టండి. నేనైతే వాణ్ణి మేస్త్రీ అంటాను. మూడు వేల ఏళ్లు అక్కడే కూర్చుని వరద వచ్చినప్పుడల్లా లేచి ఫార్ములు బాగుచేసి మళ్లీ కూర్చుంటాడు పాపం.

నాకు బాగా నచ్చింది ఏంటంటే, విపత్తు ఇక్కడ శిక్ష కాదు, బేరం. అగ్నిపర్వతం పక్కన ఊరు పెడితే ఎప్పుడో ఒకప్పుడు బద్దలవుతుంది, జనం పోతారు, చుట్టూ ఉన్నవి పాడవుతాయి, కానీ ఆ బూడిద పడిన నేల బలం పుంజుకుంటుంది. నిజంగా మనుషులు చేసింది కూడా ఇదే కదా. 79లో పాంపేని పూడ్చేసిన వెసూవియస్ చుట్టూ ఇవాళ్టికీ లక్షల మంది ఉంటున్నారు, అక్కడ సాగూ ఆగలేదు. ఈ గేమ్‌లో వెసూవియస్ కూడా ఉంది, దాని పక్కన ఊరు పెట్టి రెండుసార్లు దెబ్బతిన్నాను, మూడోసారీ పెడతాను. ఇక ఈజిప్ట్‌తో ఆడితే వరద నష్టం మీకు అంటదు, లాభం మాత్రం వస్తుంది. నైలు పొంగుని నమ్ముకుని బతికిన దేశానికి ఇంతకంటే సరిపోయే రూల్ ఇంకోటి ఉండదు. పెద్ద క్లాసు పీకకుండా ఒక్క రూల్‌తో చరిత్ర చెప్పేశారు.

లోటు కూడా ఇక్కడే ఉంది. అగ్నిపర్వతం ఎంత పెద్దగా బద్దలైనా దాని ప్రభావం చుట్టుపక్కల టైల్స్ దాటదు. 1815లో తంబోరా బద్దలైతే మరుసటి ఏడాది 1816లో యూరప్‌లోనూ, ఉత్తర అమెరికాలోనూ వేసవే సరిగా రాలేదు, పంటలు పోయి జనం ఆకలితో అల్లాడారు. ఎక్కడో ఇండోనేషియాలో కొండ పేలితే ఇంకో ఖండంలో గింజలు దొరకలేదు. స్ట్రాటజీ గేమ్‌కి ఇంతకంటే మంచి సరుకు ఏముంటుంది? మెగాకొలోసల్ అని పేరు పెట్టిన పేలుడుకి కనీసం రెండు మూడు టర్న్‌లు ప్రపంచమంతా ఫుడ్ తగ్గించి ఉంటే అదిరిపోయేది. అలాగే యూరప్‌ని శతాబ్దాలపాటు వణికించిన చిన్న మంచు యుగం లాంటిదీ లేదు. ఈ గేమ్ లెక్కలో బొగ్గు తవ్వేదాకా భూమి వాతావరణం మారనే మారదు.

సరే, బొగ్గు దగ్గరికి వద్దాం. ఇండస్ట్రియల్ యుగం నుంచి కరెంట్ కావాలి, పవర్ ప్లాంట్లు కట్టాలి. ఒక బొగ్గుకి 4 యూనిట్ల కరెంట్, ఒక యురేనియంకి 16. ఇనప కవచం తొడిగిన ఐరన్‌క్లాడ్ యుద్ధ ఓడలు కూడా బొగ్గు తింటాయి. ఇలా కాల్చిందంతా ఒక రిపోర్టులో జమ అవుతుంది, ఎవరు ఎంత కార్బన్ వదిలారో దేశాలవారీగా చూపిస్తుంది. అది ఒక్కో హద్దు దాటినప్పుడల్లా వాతావరణ మార్పు ఒక దశ ముందుకి జరుగుతుంది, మొత్తం ఏడు దశలు. తుఫాన్లు, వరదలు పెరుగుతాయి, ధ్రువాల మంచు కరుగుతుంది, సముద్రం పైకి వస్తుంది. తీరంలో పల్లపు టైల్స్‌ని 1 మీటర్, 2 మీటర్లు, 3 మీటర్లు అని ముందే గుర్తుపెట్టి ఉంచారు. ముందు ఆ టైల్ మునిగి పాడవుతుంది, తర్వాత ఒకరోజు పూర్తిగా సముద్రంలో కలిసిపోతుంది, మీద ఏమున్నా పోయినట్టే.

ఇది అసలు ఎలా తగులుతుందో నాకు డైడోతో, అంటే ఆమె నాయకత్వంలోని ఫినీషియా దేశంతో ఆడిన ఆటలో తెలిసింది. ఆ దేశం బలమంతా తీరంలోనే, కాబట్టి నా నగరాలన్నీ నీళ్ల అంచునే పెట్టాను. నాకు బొగ్గు గనులు మిగులు. కాలుష్యం వద్దులే అని నేను ప్లాంట్ కట్టలేదు, బొగ్గుని పక్క దేశానికి అమ్మాను, టర్న్‌కి ఇంత బంగారం అని. రిపోర్టులో నా పేరు పక్కన దాదాపు సున్నా, వాళ్ల పేరు పక్కన కొండంత. లోపల్లోపల చాలా గర్వపడ్డాను. ఒక సాయంత్రం ఆడుతుంటే నా యూనివర్సిటీ ఉన్న క్యాంపస్ టైల్‌లోకి నీళ్లొచ్చాయి. ఆ బొగ్గు నాదే. అమ్మినవాడి ఖాతాలో కాదు, కాల్చినవాడి ఖాతాలోనే కార్బన్ రాస్తుంది గేమ్, బయటి ప్రపంచంలో కూడా దేశాల లెక్కలు మామూలుగా రాసేది ఇలాగే. సముద్రానికి మాత్రం ఏ ఖాతా తెలియదు. పన్నెండేళ్లుగా స్ట్రాటజీ గేమ్స్ ఆడుతున్నాను, ఓడిపోయి సిగ్గుపడింది చాలాసార్లు ఉంది కానీ లాభం చూసుకుని సిగ్గుపడింది ఇదొక్కసారే.

అలాంటి క్షణం ఇచ్చిన సిస్టమ్‌కి సగం మార్కులే ఎందుకంటారా? టైమింగ్. ఇదంతా మొదలయ్యేసరికి ఆట ఎవరిదో దాదాపు తేలిపోయి ఉంటుంది. ముందున్నవాడు సముద్రం మూడు మీటర్లు లేచేలోపే రాకెట్ ఎగరేసి గెలిచేస్తాడు, వెనకున్నవాడికి మునిగినా తేలినా తేడా లేదు. మధ్యలో ఉండి నలిగిపోయే ఆటలోనే ఇది పండుతుంది, నాకు పది ఆటల్లో రెండు అలా దొరికాయి. ఫ్లడ్ బారియర్లు కట్టుకోవచ్చు, కంప్యూటర్స్ టెక్నాలజీ వచ్చాక. నీళ్లు పెరిగేకొద్దీ వాటి ఖర్చు కూడా పెరుగుతుంది, ఆలస్యం చేస్తే వాచిపోతుంది, ఈ ఆలోచన బాగుంది. కానీ ఒకసారి కట్టేశాక ఆ నగరం గురించి మళ్లీ టెన్షన్ పడక్కర్లేదు. గోడ కడితే కథ కంచికి అన్నమాట. ఇంకో చిరాకు ఏంటంటే కంప్యూటర్ ఆడే దేశాలకి ఇదేమీ పట్టదు. నేను సోలార్ ఫార్ములు వేసుకుంటూ కూర్చుంటే పక్కవాడు బొగ్గు కాలుస్తూనే ఉంటాడు, వాణ్ణి ఆపాలంటే దేశాలన్నీ కూర్చుని ఓటేసే వరల్డ్ కాంగ్రెస్‌లో ఓటు కోసం ఎదురుచూడాలి, లేదా దండెత్తి ఆ ప్లాంట్ ఉన్న నగరాన్ని పట్టుకోవాలి. నేను రెండోదే చేశాను. కార్బన్ తగ్గించడానికి ట్యాంకులు పంపిన మొదటి పర్యావరణవేత్తని నేనేనేమో.

వేగం గురించి కూడా చెప్పాలి. నిజంగా 1900 నుంచి ఇప్పటిదాకా సముద్ర మట్టం సగటున పెరిగింది 20 సెంటీమీటర్ల చిల్లర, గేమ్‌లో మాత్రం కొన్ని పదుల టర్న్‌లలో మీటర్లకి మీటర్లు లేస్తుంది. దీన్ని నేను తప్పు పట్టను, 20 సెంటీమీటర్లు పెరిగితే మ్యాప్‌లో కనపడేది ఏముంది. కానీ అసలు సమస్యలోని కష్టమంతా ఆ నెమ్మదితనంలోనే ఉంది, ఎవరి కంటికీ ఆనకుండా పెరగడంలో. గేమ్ దాన్ని పెద్ద బ్యానర్ వేసి చూపిస్తుంది కాబట్టి చదివి వెంటనే గోడ కట్టేస్తాం.

ఒక విషయంలో మాత్రం రాజీ పడలేదు, అందుకు మెచ్చుకోవాలి. చివర్లో కార్బన్ రీక్యాప్చర్ అనే ప్రాజెక్టు వస్తుంది, గాల్లోంచి వెనక్కి లాగేయొచ్చు, లెక్క తగ్గుతుంది, పైగా వరల్డ్ కాంగ్రెస్‌లో ఓట్లకి వాడుకునే డిప్లొమాటిక్ ఫేవర్ కూడా ఇస్తారు. అయినా దాటేసిన దశ వెనక్కి రాదు, మునిగిన టైల్ తేలదు. కాకపోతే ఫేవర్ కోసమే ముందు బాగా కాల్చి తర్వాత శుభ్రం చేసే ఎత్తు ఒకటి తయారైంది, చేశాను, పనిచేసింది.

2020లో వచ్చిన అపోకలిప్స్ మోడ్ వేరే ప్యాక్‌లోది, విడిగా కొనాలి. అందులో సూత్‌సేయర్ అని ఒక యూనిట్ శత్రువు మీదికి విపత్తుల్ని రప్పిస్తాడు, చివరికొచ్చేసరికి తోకచుక్కలు నగరాల మీద పడతాయి. ఫ్రెండ్స్‌తో ఒక రాత్రి నవ్వుకోడానికి ఓకే. నేను రెండోసారి ఆన్ చేయలేదు.

ఇదంతా కొత్త ఆలోచనేం కాదని కూడా గుర్తుంచుకోవాలి. 1991లో వచ్చిన మొదటి సివిలైజేషన్‌లోనే కాలుష్యం మితిమీరితే పంట నేలలు ఎడారులయ్యేవి. దాంతో పోలిస్తే ఇందులో ఎవరు కాల్చారో కనపడటమే పెద్ద అడుగు.

కొంటే ఇలా ఆడండి. విపత్తుల తీవ్రత స్లయిడర్ 0 నుంచి 4 దాకా ఉంటుంది, మామూలుగా 2 మీద ఉంటుంది, దాన్ని 3 చేయండి. 4లో మేస్త్రీకి కూర్చునే తీరిక కూడా ఉండదు. దేశం ఈజిప్ట్ కాకుండా ఇంకేదైనా తీసుకోండి, నష్టం తగిలితేనే లాభం రుచి తెలుస్తుంది. బొగ్గు మిగిలితే అమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఫినీషియా ఆటలో ఆ క్యాంపస్ ఉన్నచోట ఇప్పుడు నా చేపల పడవలు తిరుగుతున్నాయి.